ఏ ఏటి అలీ?

మా పార్కింగ్‌లో అలీకీ టైసన్‌కీ ఎన్నిసార్లు పోటీ పెట్టామో లెక్కే లేదు. విమానాశ్రయం క్యాబ్ పార్కింగ్‌లో బుకింగ్ కోసం మూడు గంటలు, నాలుగు గంటలు కూర్చోవాలి. పేక పట్టినవాళ్లు పత్తాలాడతారు, సీటు వెనక్కి వాల్చి గురక పెట్టేవాళ్లు గురక పెడతారు. మేం ముగ్గురం మాత్రం ఎన్నడూ ఎదురుపడని బాక్సర్లను పట్టుకొచ్చి, రేకుల షెడ్డు నీడలో కొట్లాడించేవాళ్లం.

ముగ్గురంటే నేను, గేటు దగ్గర సెక్యూరిటీ చేసే ప్రేమ్ రాజ్, నాలాగే బండి నడిపే పెంటయ్య. ప్రేమ్ రాజ్‌ది పక్కనున్న సాతంరాయి ఊరు. మిలిటరీలో పదిహేడేళ్లు చేసి, వాళ్ల రెజిమెంట్ తరఫున బాక్సింగ్ ఆడి, ముక్కు కాస్త వంకర చేయించుకుని ఇంటికొచ్చినవాడు. పెంటయ్యది మా పాల్మాకులే, అందరిలోకీ పెద్దవాడు. జన్మలో ఒక్క బాక్సింగ్ పోటీ చూసి ఎరగడు గనక అతన్ని జడ్జిని చేశాం.

"అలీ ముంగట టైసన్ ఒక్క రౌండ్ నిలవడడు," అన్నాను నేను, ఆ ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం.

"ఏ ఏటి అలీ?" అన్నాడు ప్రేమ్ రాజ్.

ఎప్పుడూ అదే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పందే అతను కొట్లాట మొదలుపెట్టనివ్వడు.

"అలీ అంటే ఒక్కడు గాదు తమ్మీ. అరవైలల్ల అలీ ఒకడు, కాలు భూమ్మీద ఆనదు. డెబ్బై నాలుగుల అలీ ఇంకొకడు, దెబ్బలు తినుకుంట గెలిచిండు. ఎనభైల వచ్చిన అలీ పాపం, ఊకె నిలవడ్డడు అంతే. ఏ ఏటోడో చెప్పకుంటే ఎట్ల?"

"అరవై ఆరు, నవంబర్ నెల," అన్నాను. "అలీకి ఇరవై నాలుగేండ్ల పది నెలలు. టైసన్‌ను ఎనభై ఎనిమిది జూన్‌ల తీస్కో. ఇరవై రెండు నిండనీకి ఇంక మూడు దినాలే తక్కువ."

ప్రేమ్ రాజ్ సంతోషంగా తల ఊపాడు. ఈ విషయంలో నన్ను కొట్టేవాడు లేడని అతనే నలుగురికీ చెప్పేవాడు. ఏ బాక్సర్ ఎప్పుడు పుట్టాడు, ఏ పోటీనాటికి వయసెంత అన్నది నాకు నాలుక చివర ఉండేది. చదివింది తొమ్మిదో తరగతే అయినా ఇందులో మాత్రం పండితుణ్ణి.

"ఇద్దరి నడుమ ఇరవై ఏండ్ల తేడా ఉన్నదంటిరి," అన్నాడు పెంటయ్య. "మరి ఎట్ల కలుస్తరు ఈళ్లు?"

"మనం కలుపుతున్నం గదనే పెంటన్నా! గదే మజా. ఇటోన్ని అటు తెస్తం, అటోన్ని ఇటు తెస్తం. అడ్డమెవడు?"

నా బిడ్డ పూర్ణిమకు మాత్రం ఈ గోల నచ్చేది కాదు. పొద్దున్నే సాతంరాయి చర్చి వెనక ప్రేమ్ రాజ్ పదిమంది పిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. వాళ్లలో ఇదొకతి. నలభై ఎనిమిది కేజీల మనిషి, చేతులు మాత్రం మోకాళ్ల దాకా. "సగం మంది సచ్చిపోయిండ్రు, సగం మంది ముసలోళ్లయిండ్రు. ఆళ్లను ఎందుకు సతాయిస్తరు బాపు?" అనేది. వాళ్లమ్మ సునీతకైతే బాక్సింగే నచ్చేది కాదు. టీవీలో ఎవరో ముష్టియుద్ధం అన్నారట, అది పట్టుకుంది. "ముష్టి బిచ్చపోళ్లది, యుద్ధం రాజులది. రెండు కలిపి నా బిడ్డ నెత్తిన పెట్టిండ్రు ఈ ఇద్దరు," అని మమ్మల్ని దెప్పేది. దెప్పుతూనే రోజూ రెండు గుడ్లు ఉడకబెట్టి పిల్ల చేతిలో పెట్టేది.

ఆ ఏడాది మే చివర్లో పదిహేడేళ్ల లోపు పిల్లలకు రాష్ట్ర స్థాయి సెలెక్షన్లు ఉన్నాయి. రెండువేల తొమ్మిదిలో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే రావాలి. ఒక్కో బరువులో సెమీస్ దాకా వచ్చిన నలుగురికీ అకాడమీలో సీటు ఇస్తారు. హాస్టలు, తిండి, చదువు, కోచ్, అన్నీ వాళ్లవే. పూర్ణికి ఆ గ్రూపులో అదే ఆఖరి ఏడు. పై గ్రూపులోనూ సెలెక్షన్లున్నాయి కానీ అక్కడ గెలిచిన ఒక్కరికే సీటు. పిల్ల ఆ చలికాలమంతా మా వెనక గోడకు బొగ్గుతో గీతలు గీసుకుని రోజులు లెక్కపెట్టింది.

"పుట్టిన తారీఖు చెప్పు తమ్మీ, ఫారం నింపుత," అన్నాడు ప్రేమ్ రాజ్.

"మార్చి పద్దెనిమిది, రెండువేల తొమ్మిది," అన్నాను, అలీ తారీఖు చెప్పినంత జోరుగా.

"ఆధార్, టెన్త్ మెమో జిరాక్సులు రేపు తెచ్చియ్యి."

మర్నాడు తెచ్చి ఇచ్చాను. అతను కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. కాగితం నా వైపు తిప్పి ఒక అంకె మీద వేలు పెట్టాడు. మార్చి పద్దెనిమిది సరిగ్గానే ఉంది. పక్కన రెండువేల ఎనిమిది అని ఉంది.

అబద్ధమాడేవాడికి జ్ఞాపకశక్తి ఉండాలంటారు. నాకు లేకపోయింది. పూర్ణికి నాలుగేళ్లప్పుడు సునీత విమానాశ్రయంలో క్లీనింగు పనికి కుదిరింది. నేను కంపెనీ బస్సు నడిపేవాణ్ణి. పిల్లను చూసేందుకు ఇంట్లో ఎవరూ లేరు. బడికి తీసుకుపోతే అయిదు నిండితేనే ఒకటో తరగతిలో చేర్చుకుంటామన్నారు. నిండాయి సార్ అన్నాను. ఎప్పుడు పుట్టిందని పంతులు అడిగితే తేదీ, నెలా మార్చకుండా ఒక్క ఏడాది వెనక్కి జరిపి చెప్పాను. సునీత పక్కనే నిలబడి తల ఊపింది. బడి కాగితం చూసి ఆధార్ ఇచ్చారు, ఆధార్ చూసి మిగతావన్నీ ఇచ్చారు. పదహారేళ్లకే ఇంటర్ అయిపోయిందని, నా బిడ్డకు ఏడాది కలిసొచ్చిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను. నేను చేసిన పనే అది, ఎవరి మీదా తోసేది లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. సునీత బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టింది.

"ఏ దేశపోళ్లయో తారీఖులు నోటికి ఉంటయి," అంది. "కన్నబిడ్డది మాత్రం తప్పు రాయిస్తివి."

"నువ్వు గూడ పక్కనే ఉంటివి గదనే."

"ఉంటి," అంది. చాట మళ్లీ అందుకుని, "నేను గూడ ఉంటి," అని మళ్లీ తనలో తాను అనుకున్నట్టు అంది. అరిచినా బాగుండేది.

పుట్టిన సర్టిఫికెట్ తెద్దామంటే పూర్ణి ఏ దవాఖానలోనూ పుట్టలేదు. సునీత పుట్టిల్లు మంఖాల్. నొప్పులు మొదలయ్యాక అక్కణ్ణుంచి దవాఖానకని ఆటోలో ఎక్కించుకుని బయల్దేరితే శ్రీశైలం రోడ్డు ఎక్కీ ఎక్కకముందే పిల్ల బయటికొచ్చింది. ఆటో తిప్పుకుని ఇంటికి పోయాం. ఎక్కడా రాయించాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు రాయించుకోవాలంటే ఆ కాగితం ఈ కాగితం కలిపి నాలుగు నెలలు పడుతుందన్నారు. సెలెక్షన్లకు ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

ఇక సెలెక్షన్ల ఆఫీసుకే పోయి కాళ్లావేళ్లా పడదామని సునీతా నేనూ సిటీకి పోయాం. అక్కడ కూర్చున్న సారు కోస్తా మనిషి. మర్యాదగా కుర్చీలు చూపించి, అంతా విన్నాడు.

"చూడండీ, ఇక్కడికి వచ్చే ప్రతి తల్లీ తండ్రీ ఇదే చెప్తారు. కాగితంలో ఎక్కువ పడింది, అసలు వయసు తక్కువ అని. పెద్ద పిల్లల్ని చిన్న గ్రూపులో ఆడించడానికి ఎన్ని కథలు వింటున్నానో మీకు తెలీదు."

"మాది కథ గాదు సార్. నేనే తప్పు చెప్పి రాయించిన."

"అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలండీ?"

ఎముకల పరీక్ష చేయించండి సార్, ఖర్చు మేమే పెట్టుకుంటాం అన్నాను. ప్రేమ్ రాజ్ చెప్పి పంపిన మాట అది.

"ఆ పరీక్ష కాగితంలో తక్కువ వయసున్నవాళ్లను పట్టుకోవడానికండీ. మీ అమ్మాయికి కాగితంలోనే ఎక్కువుంది కదా. ఇంక దేన్ని పరీక్షించాలి?"

అప్పుడు సునీత లేచి నిలబడింది. సంచిలోంచి మా పెళ్లి శుభలేఖ తీసింది. పసుపు మరకలతో, మడతల దగ్గర చిరిగి ఉంది. అది తెచ్చినట్టు నాకే తెలియదు.

"సార్, మా దిక్కు విమానాలు రాకముందు నెల, రెండువేల ఎనిమిది ఫిబ్రవరిల మా పెండ్లి. విమానాలు వచ్చినంక ఏడాదికి నా బిడ్డ పుట్టింది. మీ కాయితం నిజమైతే పెండ్లైన నెలకే పుట్టినట్టు." పక్క బల్లల దగ్గర రాసుకునేవాళ్లు తలెత్తి చూశారు. "నేను గసుంటిదాన్ని గాదు సార్. నా మొగన్ని అడుగుండ్రి."

సారు ముఖం ఎర్రబడింది. చెడ్డవాడు కాదు. శుభలేఖ రెండు చేతులతో అందుకుని చదివి, జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు. "అమ్మా, నేను మిమ్మల్ని ఏమీ అనలేదు. కానీ కార్డు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు కదమ్మా. నా చేతిలో ఏమీ లేదు," అన్నాడు.

బస్టాపు దాకా సునీత ఏడవలేదు. బస్సెక్కాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాను. భార్యను నలుగురిలో అలా నిలబెట్టినవాడు ఓదార్చడానికి కూడా పనికిరాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ పుట్టినరోజు మాట ఎత్తడం లేదు.

పూర్ణికి నేనే చెప్పాలి కదా. వాకిట్లో తాడుతో గెంతుతుంటే పిలిచి, మాటలు కూడబలుక్కుని చెప్పాను. అది తాడు చేతికి చుట్టుకుంటూ విన్నది.

"ఆధార్‌ల ఎనిమిది ఉన్నదని నాకు ఎర్కనే బాపు. మా క్లాసుల సగం మందికి ఇంటి తారీఖు ఒకటి, బడి తారీఖు ఒకటి. నువ్వు సార్‌కు ముందే చెప్పినవనుకున్న. అన్ని తారీఖులు నీకే ఎర్క గద."

నన్ను తిట్టలేదు. తిట్టాలన్న ఆలోచన కూడా దానికి రాలేదు. నేను అన్నీ తెలిసినవాణ్ణని నా బిడ్డ నమ్మింది, అంతే. అది గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదు.

"పై గ్రూపుల ఆడ్త," అంది మర్నాడు ప్రేమ్ రాజ్‌తో.

"ఆళ్లు పద్దెనిమిదేండ్లోళ్లు బిడ్డా. మీకు రౌండుకు రెండు నిమిషాలైతే ఆళ్లకు మూడు."

"ఒక్క నిమిషమే గద సార్."

ఆ ఒక్క నిమిషం కోసం ఇరవై రోజులు పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు పరుగెత్తింది. నేను డ్యూటీ మానుకుని ఫోన్‌లో టైము చూసేవాణ్ణి. రెండు నిమిషాల దాకా దాని ఎడమ చెయ్యి పాము నాలుకలా ఆడేది. ఆ తర్వాత భుజాలు కిందికి దిగేవి. ప్రేమ్ రాజ్ అరిచేవాడు, బతిమాలేవాడు, మళ్లీ అరిచేవాడు. చెయ్యి లేచేది కాదు. అది మొండి పిల్ల, మనసులో లోటేమీ లేదు. కానీ ఒంట్లో లేని ఏడాదిని ఇరవై రోజుల్లో ఎవరు మాత్రం పోస్తారు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను పాలు, ఖర్జూరాలు కొనుక్కొచ్చేవాణ్ణి. పార్కింగ్‌లో పెంటయ్య "ఏమాయె, ఇయ్యాల ఎవలెవలికి?" అని కదిపినా నేను బండి అద్దాలు తుడుచుకుంటూ ఉండేవాణ్ణి.

సెలెక్షన్ల రోజు పొద్దున సిటీలో ఆ హాలు ఉక్కపోతతో ఉడికిపోతోంది. రెండు రింగులు పక్కపక్కనే వేశారు. ఒకదాంట్లో కింది గ్రూపు, ఒకదాంట్లో పై గ్రూపు. ప్రేమ్ రాజ్ పూర్ణి మూలలో ఉన్నాడు. నేను మెట్ల మీద, మూడో వరసలో. సునీత రాలేదు. గుడ్లు మాత్రం డబ్బాలో పెట్టి పంపింది.

ఎదుటి పిల్ల పొట్టి జుట్టుది, భుజాలు బాగా తిరిగినది. గంట కొట్టగానే పూర్ణి ఎడమ చెయ్యి ఆమె ముఖం మీద టకటకా పడటం మొదలైంది. అవతలి పిల్ల ముందుకొస్తే ఇది పక్కకు జరిగేది, ఆగితే కొట్టేది. నా పక్కన కూర్చున్న ఎవరి తండ్రో, "ఎవలి పిల్లనో గని మస్తు ఆడుతున్నది," అన్నాడు. నాది అని చెప్పబోయి గడియారం చూశాను. రెండు నిమిషాలైంది. కింది గ్రూపైతే గంట కొట్టేవారు. కొట్టలేదు. భుజాలు దిగాయి. ఆ మూడో నిమిషంలో అవతలి పిల్ల అప్పుడే నిద్ర లేచినట్టు వచ్చి, పూర్ణిని తాళ్లకు ఆనించి కొట్టింది.

రెండో రౌండూ అంతే. రెండు నిమిషాలు నా బిడ్డది, మూడోది ఆమెది. నేను కూర్చోలేకపోయాను, లేవలేకపోయాను. గంట కొట్టే మనిషి చేతి వైపే చూస్తూ, కొట్టు నాయనా కొట్టు అని గొణుక్కున్నాను. అతని తప్పేముంది, గడియారం చూసి కొడతాడు. మూడో రౌండు చివర పూర్ణి ముక్కులోంచి రక్తం కారింది. రిఫరీ మధ్యలోకొచ్చి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. అది తల ఊపి మళ్లీ చేతులెత్తింది. అయిదుగురు జడ్జీల్లో నలుగురు అవతలి పిల్లకే ఇచ్చారు, నాలుగూ ఒకటితో ఓడిపోయింది.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నాం. పక్క రింగులో కింది గ్రూపు నలభై ఎనిమిది కేజీల పోటీలు చూస్తానని పూర్ణి మొండికేసింది. ముక్కు మీద ఐసు గుడ్డ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సరిత అనే పిల్ల గెలిచింది. ఆ సరిత చలికాలంలో రెండుసార్లు ప్రేమ్ రాజ్ దగ్గరికి ప్రాక్టీసుకు వచ్చింది. రెండుసార్లూ పూర్ణి చేతిలో దెబ్బలు తిని, నవ్వుకుంటూ పోయింది. ఇప్పుడు ఆమెతో పాటు ఇంకో ముగ్గురి పేర్లు అకాడమీ సీట్లకని మైకులో చదివారు. పూర్ణి అందరితో పాటే చప్పట్లు కొట్టింది.

ప్రేమ్ రాజ్‌కు రెండింటికి డ్యూటీ. ముగ్గురం నా బండిలోనే పార్కింగ్‌కు వచ్చాం. పెంటయ్య, ఇంకో అయిదారుగురు డ్రైవర్లు షెడ్డు కింద మాకోసమే చూస్తున్నారు. పూర్ణి వెనక సీట్లోంచి దిగలేదు. మేం ఇద్దరం దిగాం.

"ఓడింది. నాలుగు ఒకటి," అన్నాడు ప్రేమ్ రాజ్. సరిత సంగతి కూడా చెప్పాడు.

పెంటయ్య ముందుకొచ్చాడు. మంచి మనిషి. నన్ను ఓదార్చడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే.

"ఇనుండ్రి, నేను జడ్జిని చెప్తున్న. ఆ సరితతోని మన పూర్ణి కొట్లాడితే, రెండో రౌండ్‌లనే ఖేల్ ఖతం."

"రెండో రౌండ్ దాంక ఎందుకే, మొదటిదాంట్లనే," అన్నాడు ఇంకొకడు.

"మొదటిదాంట్ల అంటవా? జర ఆలోచించు, ఆ పిల్ల గూడ..."

"ఆపు పెంటన్నా!" అన్నాను. అందరూ నన్ను చూశారు. నా బిడ్డను వాళ్లు ఎక్కడ చేర్చారో వాళ్లకు తెలియలేదు. ఎన్నడూ జరగని కొట్లాటలు కొట్లాడేవాళ్ల వరసలో పదహారేళ్ల పిల్లను నిలబెట్టారు. ఆ వరస కట్టింది నేనే. ప్రేమ్ రాజ్ బూటు లేసు కట్టుకునే మిషతో వంగాడు. ఏ ఏటి పూర్ణి అని మాత్రం అతను అడగలేదు.

బండి తలుపు తీసిన చప్పుడైంది. పూర్ణి దిగింది. ముక్కులో దూది, పెదవి ఒక పక్క వాచి ఉంది.

"రెండో రౌండ్‌ల గాదు పెద్దబాపు," అంది పెంటయ్యతో. "సరితకు దమ్ము మస్తున్నది. మొదటి రౌండ్ ఆమెనే తీస్కుంటది."

"గట్లనా బిడ్డా? మరి?"

రెండు బండ్ల మధ్య ఖాళీలో నిలబడి చేతులెత్తింది. "రెండో రౌండ్ నాది. ఆమె గిట్ల వస్తది, సూడు, తల కిందికేసి. నేను గిట్ల జరుగుత. మళ్ల వస్తది. మళ్ల జరుగుత." కాళ్లు సిమెంటు నేల మీద తేలికగా కదిలాయి. "మూడోదాంట్ల, రెండో నిమిషంల, ఆఖరికి, కుడి చెయ్యి." గాలిని గుద్దింది. డ్రైవర్లు చుట్టూ మూగారు. ఒకడు సరితలా తల వంచి ముందుకొచ్చి, పడిపోయినట్టు నటించాడు. అందరూ నవ్వారు. అదీ నవ్వింది, వాచిన పెదవి పట్టుకుని.

పెంటయ్య దాని మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తాడు. "గెలిచింది మన పూర్ణిమ!"

ఈలలు, చప్పట్లు. అది చెయ్యి దించలేదు. నవ్వుతూనే నా కోసం వెతికి, నా ముఖం చూసింది. నేనూ చప్పట్లు కొట్టాను.